బావ కుర్చీ వేసుకున్న చోటు

మా బావకు ముక్కు మీద కోపం. చాలా ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఆ రోజుల్లో రోడ్డుకు అడ్డంగా బండి ఆపినవాణ్ణి ఎవణ్ణీ ఊరికే వదిలిపెట్టలేదట. ఒకసారి తెలియక తన పై అధికారి కారునే వెనక్కి తీయించాడని, దానికి మెమో కూడా తిన్నాడని చెప్పుకుంటారు. రిటైరయ్యాక ఆ కోపమంతా ఇంట్లో ఫ్యాను మీదా నామీదా చూపిస్తాడేమోనని భయపడ్డాను. అంతవరకూ రాలేదు. రిటైరైన కొన్నాళ్ళకే మా పేట మొదట్లో ఉన్న పెద్ద సూపర్‌మార్కెట్టులో పార్కింగ్ వాచ్‌మన్‌గా చేరిపోయాడు.

అంత బస్సు నడిపినవాడు విజిల్ ఊదే పనికి పోవడమేమిటని బంధువులు మూతి విరిచారు. పెన్షన్ చాలలేదేమో పాపం అన్నారు. పెన్షన్ చాలక కాదు, పొద్దుపోక అంతకన్నా కాదు. ఆయన ఆ ఉద్యోగంలో చేరింది ఒక్క కారు పట్టేంత చోటు కోసం. ఆ చోటు మా అక్కకు కావాలి కాబట్టి.

అక్క రెడీమేడ్ బట్టల వర్క్‌షాపులో కాజాలు కుట్టేది. ఏళ్ళ తరబడి మిషను ముందు వంగి కూర్చున్నందుకో, మరెందుకో, వెన్నుపూసలో జబ్బు వచ్చింది. ఆపరేషనయ్యాక ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ, కాళ్ళలో సత్తువ సగమే మిగిలింది. చేతికి ఏదో ఒక ఆసరా ఉంటే నడుస్తుంది, లేకపోతే లేదు. ఇంటికొచ్చి కసరత్తు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పేసింది.

"నడుస్తున్నన్నాళ్ళే నడకండీ. మంచానికి అలవాటు పడితే కాళ్ళు నడక మర్చిపోతాయి. మర్చిపోయాక మళ్ళీ నేర్పడం నావల్ల కాదు."

నడవమంటే ఇంట్లో నడవదు మా అక్క. వాకర్ తెచ్చి పెడితే దానిమీద తడి తువ్వాళ్ళు ఆరేసింది. గోడలు చూసుకుంటూ అటూ ఇటూ తిరగడానికి నేనేమైనా జైల్లో ఉన్నానా అనేది. అదే సూపర్‌మార్కెట్టుకు తీసుకెళ్ళి చేతికి ట్రాలీ ఇచ్చామా, ఇక ఆగేది కాదు. ట్రాలీ పట్టుకుంటే ఆమెకు వాకర్ అక్కర్లేదు. పైగా ట్రాలీతో నడిచేవాళ్ళను చూసి ఎవరూ అయ్యో పాపం అనరు, అందరూ అలాగే నడుస్తారు. పప్పుల దగ్గర మొదలుపెట్టి, గిన్నెలూ చీపుర్లూ దాటుకుని, ఏదీ కొనకపోయినా ప్రతి వరుసా చుట్టి, చివరికి సబ్బుల దగ్గరకు చేరేది.

సబ్బుల దగ్గర మాత్రం మాకు నరకం. ఒక్కో సబ్బూ తీసి, అట్టపెట్టె మూత కొంచెం ఎత్తి, కళ్ళు మూసుకుని వాసన చూసి, మళ్ళీ పెట్టేసేది. "కొనేది ఒక్క సబ్బు, వాసనతోనే షాపంతా ఖాళీ చేస్తున్నావు" అని నేను విసుక్కునేవాణ్ణి. వర్క్‌షాపులో అన్నేళ్ళూ మిషను నూనె కంపు పీల్చానురా, ఈ మాత్రం హక్కు లేదా అనేది. ప్రతి ఆదివారం మిక్సీలు రిపేరు చేసే నా కొట్టుకు సెలవు. ఆ పూట నా పాత కారులో అక్కను తీసుకెళ్ళడం నా డ్యూటీ. ఆమె నడక మొత్తం ఆ ఒక్క పూట మీదే ఆధారపడి ఉందని మా ముగ్గురికీ తెలుసు.

ఇక ఆ చోటు సంగతి. షాపు గుమ్మం పక్కన, ర్యాంపును ఆనుకుని, నేల మీద చక్రాల కుర్చీ బొమ్మ వేసిన చోటు ఒక్కటే ఉంది. దాని పక్కన పసుపు చారలు గీసి కొంత జాగా వదిలారు. అది అందానికి గీసింది కాదు. కారు తలుపు బార్లా తెరిస్తేగానీ అక్క కాళ్ళు బయటపెట్టలేదు. కాళ్ళు బయటపెట్టాక నేను ట్రాలీని తలుపుదాకా తెచ్చి నిలబెట్టాలి. అక్కడినుంచి ర్యాంపు మీదుగా నేరుగా లోపలికి. మిగతా పార్కింగంతా అవతల, వాలుగా ఉన్న కంకర నేల. అక్కడ ట్రాలీ చక్రం తిరగదు, అక్క అడుగు నిలవదు.

ఆ చోట్లో బొమ్మ వేసింది ఎవరి కోసమో తెలియనివాడు లేడు. అయినా పెడతారు. ఒకాయన నాలుగు ఇండికేటర్లూ వెలిగించి దిగుతాడు, లైట్లు మిణుకు మిణుకుమంటే ఆ కారు అక్కడ లేనట్టే లెక్క. ఒకావిడ పసివాణ్ణి చంకనేసుకుని, పిల్లాడండీ అంటుంది. ఇంకొకడు కారు దిగడు, నేను లోపలే ఉన్నాగా అంటాడు. కారు పెట్టనివాళ్ళు పసుపు చారల మీద మోటారు సైకిళ్ళు పెడతారు, ఖాళీగా ఉంది కదా అని. అందరిదీ ఒకటే మాట, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో నెల సరుకులు కొని, బయట ఐస్‌క్రీం కూడా తిని వస్తారు. అలా రెండు మూడు ఆదివారాలు అక్కను కారులో కూర్చోబెట్టి తిప్పి తీసుకొచ్చేశాం. నాలుగోసారి బావ నేరుగా మేనేజరు దగ్గరకెళ్ళి, వాచ్‌మన్ పని ఉందా అని అడిగాడు.

చేరిన రోజే ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి సరిగ్గా ఆ బొమ్మ మీద వేసుకుని కూర్చున్నాడు. ఇక ఆ చోటుకు రాజు ఆయనే. నిజంగా అవసరమున్న కారు వస్తే లేచి, కుర్చీ పక్కకు లాగి, సలాం కొట్టి మరీ దారిచ్చేవాడు. అవసరం లేనివాళ్ళు వస్తే కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఆదివారం మా కారు గేటు తిరగడం చూడగానే ఆయన లేచే తీరు చూడాలి. ఆయన తలుపు తీస్తుంటే అక్క సిగ్గుపడి, అంత హడావుడి దేనికండీ, నలుగురూ చూస్తున్నారు అనేది. చూడనీ, నా స్టాపులో నా పాసింజరు దిగుతోంది అనేవాడు. ఆ కొన్నాళ్ళూ మా అక్క బుగ్గలు కాస్త నిండాయి. ఒకరోజు ట్రాలీ వదిలేసి సరుకుల అర పట్టుకుని నాలుగు అడుగులు వేసింది కూడా. ఫిజియోథెరపీ అమ్మాయి నమ్మలేదు.

అప్పుడే కారు అద్దాల మీద స్టిక్కర్లు మొదలయ్యాయి. నంబరు ప్లేట్లు రాసే కొట్టువాడు చక్రాల కుర్చీ బొమ్మ స్టిక్కర్లు అమ్మడం మొదలుపెట్టాడు. అడిగినవాడికల్లా ఇచ్చేస్తున్నాడు. ఉన్నట్టుండి మా పేటలో సగం మందికి కాళ్ళు పడిపోయినట్టు, ప్రతి రెండో కారు మీదా ఆ బొమ్మే. బావకు ఒళ్ళు మండిపోయింది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. స్టిక్కరు ఉంటే కుర్చీ తీసి దారిస్తాడు. కారు దిగాక మాత్రం అద్దం వంక చూడడు, కాళ్ళ వంక చూస్తాడు. చక్కగా నడుచుకుంటూ పోతే అక్కడికక్కడే కడిగి పారేస్తాడు. బొమ్మ అబద్ధమాడుతుంది గానీ నడక అబద్ధమాడదురా అని నాకు చెప్పాడు. నాకూ నిజమే అనిపించింది.

ఒక శనివారం సాయంత్రం బావకు టీ ఫ్లాస్కు ఇద్దామని వెళ్ళాను. షాపు కిటకిటలాడుతోంది. అప్పటికే ఎవడితోనో గొడవపడి ఉన్నాడు, మొహం కందగడ్డలా ఉంది. ఇంతలో చిన్న కారొకటి వచ్చింది. అద్దం మీద స్టిక్కరుంది. బావ కొరకొరా చూస్తూ కుర్చీ తీశాడు. కారులోంచి పాతికేళ్ళ అమ్మాయి దిగింది. ప్యాంటు, బూట్లు, భుజాన సంచీ. తలుపు వేసి గబగబా గుమ్మం వైపు నడిచింది.

బావ విజిల్ ఊదాడు. షాపు ముందున్న జనమంతా తిరిగి చూశారు. గుండ్రాయిలా ఉన్నావు, నీకీ చోటెందుకని మొదలుపెట్టాడు. కాళ్ళు లేనివాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారన్నాడు. చదువుకున్నారు, సిగ్గులేదా అన్నాడు. జనంలో ఒకరిద్దరు బాగా చెప్పావు పెద్దాయనా అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆనందిస్తూ చూస్తున్నాను.

ఆ అమ్మాయి ఆగింది. వెనక్కి వచ్చి, బావ పక్కకు తీసిపెట్టిన కుర్చీలోనే కూర్చుంది. వంగి, ఎడమ ప్యాంటు అంచు మోకాలిదాకా మడిచింది. బూటు పైన సన్నటి ఇనుప కడ్డీ ఉంది, దాని పైన ప్లాస్టిక్ తొడుగు.

"ఇది చేయించుకున్నది. రెండోది పుట్టుకతో వచ్చిందే. అది కూడా చూపించమంటారా?" అంది.

జనం ఎవరి దారిన వాళ్ళు జారుకున్నారు, బాగా చెప్పావన్నవాళ్ళు అందరికంటే ముందు. అమ్మాయి ప్యాంటు సర్దుకుని లోపలికెళ్ళి, కాసేపటికి సంచీతో వచ్చి, ఎవరి వంకా చూడకుండా కారెక్కి వెళ్ళిపోయింది. అంతసేపూ బావ కుర్చీ చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడే ఉన్నాడు. ఫ్లాస్కులో టీ అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని జరిగిందంతా అక్కకు చెప్పాడు. ఆ పిల్లకు తప్పయిపోయిందని చెప్పారా అని అక్క అడిగింది. నోరు రాలేదన్నాడు. అమ్మాయి మేనేజరుకు ఫిర్యాదు చేస్తుందని, తిట్లు తింటానని బావ రెండు రోజులు ఎదురుచూశాడు. ఆమె ఫిర్యాదు చేయలేదు. ఎవరైనా తిట్టి ఉంటే తేలికపడేవాడేమో.

ఆ తర్వాత ఆయన ఎవరినీ అడగడం మానేశాడు. కుర్చీ తీసుకెళ్ళి చూరు కింద వేసుకున్నాడు. ఎవరొచ్చి పెట్టినా కిమ్మనడు. ఏమిటి బావా ఇది అని నేను నిలదీస్తే, ఎవరి లోపల ఏముందో నాకేం తెలుసురా అన్నాడు. ముసలాయన చల్లబడ్డాడన్న కబురు ఊరంతా పాకినట్టుంది. వారం తిరక్కుండా ఆ చోటు మళ్ళీ రెండు నిమిషాలవాళ్ళ పాలైంది.

ఆ పై ఆదివారం అక్కను తీసుకుని గేటు తిరిగేసరికి ఆ చోట్లో గదంత తెల్ల కారు ఉంది. చారల మీద రెండు మోటారు సైకిళ్ళు. కారు లోపల ఒకడు ఏసీ వేసుకుని ఫోను మాట్లాడుతున్నాడు. బావ పక్కనే నిలబడి ఉన్నాడు. విజిల్ మెడలో వేలాడుతోంది. నేను హారన్ కొట్టాను, వాడు చెయ్యి ఊపి, ఆగమన్నాడు. నేను దిగి వాడి సంగతి తేల్చబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దురా. ఆయనకేం ఉందో."

"ఉంది బావా, బలుపు" అన్నాను.

అంతలో గుమ్మం దగ్గర్నుంచి వాడి భార్య పిలిచింది. వాడు కారు దిగి, మెట్లు రెండేసి ఎక్కుతూ పరుగెత్తాడు. నేను చూశాను, బావ చూశాడు, కారులోంచి అక్క కూడా చూసింది. అయినా బావ నోరు తెరవలేదు. తల దించుకుని తన చెప్పుల వంక చూసుకున్నాడు. మొగుడు అలా నిలబడగా అక్క ఎన్నడూ చూసి ఉండదు.

"దూరంగానే పెట్టరా. నడుస్తాను" అంది.

వద్దన్నా వినలేదు. కంకర మీద పెట్టాను. ట్రాలీ అక్కడిదాకా రాదు కాబట్టి నా భుజం పట్టుకుని దిగింది. కొన్ని అడుగులు పడ్డాయి. రెండు కార్ల మధ్యకు వచ్చేసరికి కాలికింద కంకర జారింది. మోకాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు, ఒక కారు బానెట్ పట్టుకుని నిలబడిపోయింది. వెనక ఎవడో దారిమ్మని హారన్ మోగిస్తున్నాడు. బావ పరుగెత్తుకొచ్చి, ఏమీ అడక్కుండా, అందరి ముందూ ఆమెను పసిపిల్లలా రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చి కారులో కూర్చోబెట్టాడు.

ఆపరేషనయ్యి ఇంటికొచ్చిన రోజు కూడా అక్క ఎవరినీ ఎత్తనివ్వలేదు. పాకుతానుగానీ మోయించుకోను అన్న మనిషి. ఇంటికెళ్ళేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. ఇంటి ముందు దిగుతూ, ఇక నన్ను అక్కడికి తీసుకెళ్ళొద్దు అంది. నేను బతిమాలాను, తిట్టాను, వేరే షాపుకు పోదామన్నాను. వేరే షాపుల్లో ర్యాంపే లేదు. చక్రాల కుర్చీ తెస్తానన్నాను. "నడవడానికి వెళ్ళేదాన్నిరా. కూర్చుని ఊరేగడానికి కాదు" అని గోడవైపు తిరిగింది.

ఆ తర్వాత సరుకులు బావే తెచ్చేవాడు. అక్క మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి. మొదట స్నానాలగదిదాకా వాకర్‌తో వెళ్ళేది, పోనుపోను దానికీ మనిషి సాయం కావాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చిన ప్రతిసారీ పాదాలు పట్టుకుని చూసి వెళ్ళిపోయేది. బావ ఆ అమ్మాయిని వీధి చివరిదాకా సాగనంపి, అక్కడ నిలబెట్టి ఏదో అడిగేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. వీధి చివరే ఉన్న నా కొట్టులోంచి చూస్తే నాకు కనబడేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు బావ తడిసి ముద్దయి నా కొట్టుకు వచ్చాడు. నేను ఎవరిదో మిక్సీ విప్పి కూర్చున్నాను. స్టూలు మీద కూర్చుని, ఆ స్టిక్కరు కారు అమ్మాయి మళ్ళీ వచ్చిందిరా అన్నాడు. ఆ చోట్లో ఎవడిదో కారుందట. ఆమె ఎక్కడో అవతల పెట్టి, గొడుగు వేసుకుని, కంకర మీద నీటిగుంటలు దాటుకుంటూ కుంటుతూ నడిచి వచ్చిందట. బావ చేతులు జోడించి, అమ్మా, ఆ రోజు తప్పయిపోయిందని మొదలుపెట్టాడట.

ఆమె అన్న మాటలు బావ నాకు ఒప్పజెప్పినట్టు చెప్పాడు. "ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చానండీ. కానీ ఇవాళ వానలో అక్కణ్ణుంచి నడిచొచ్చాను, మీరు చూస్తూ నిలబడ్డారు. నన్ను అడిగిన నోరు వాళ్ళనెందుకు అడగదు? అరవకుండా అడగండి. నన్ను కూడా అడగండి, చెప్తాను."

అది చెప్పి, నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, ఊరికే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ పెద్దమనిషితనం అనుకున్నానురా, పిరికితనం అన్నాడు. నాకు కోపంగానే ఉంది ఇంకా.

మర్నాడు కుర్చీ మళ్ళీ బొమ్మ మీదికి వచ్చింది. ఈసారి విజిల్ లేదు. ఎవరొచ్చినా ఒకే ఒక్క ప్రశ్న, "ఈ చోటు మీకు అవసరమాండీ?" అంతే. చాలామంది నీళ్ళు నమిలి వెళ్ళిపోయేవారు. కొందరు నువ్వెవడివని తిట్టేవారు, ఆయన తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు, కుర్చీలోంచి లేచేవాడూ కాదు. కస్టమర్లతో గొడవెందుకు పెద్దాయనా అని మేనేజరు వచ్చాడట. కావాలంటే నన్ను మాన్పించండి, ఇక్కడ కూర్చున్నంతకాలం మాత్రం అడుగుతానన్నాడట. మేనేజరు మాన్పించలేదు. ఎండలోనూ వానలోనూ కదలకుండా కూర్చునే ఇంకో మనిషి దొరకడం కష్టమనుకున్నాడో ఏమో.

శనివారం సాయంత్రం బావ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా అక్క మంచం దగ్గరకెళ్ళాడు. రేపు చోటు ఖాళీగా ఉంటుంది, నాది పూచీ అన్నాడు. ఆ వారమంతా ఎవరెవరిని ఎలా తిప్పి పంపాడో ఏకరువు పెట్టాడు. చివరికి అక్క, సరే, వీణ్ణి కారు తెమ్మనండి అంది.

ఆదివారం నేను కారు తెచ్చేసరికి అక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. బావ అప్పటికే ఒకసారి షాపుకు వెళ్ళి, కుర్చీ వేసి, చోటు చూస్తుండమని పూలకుండీలకు నీళ్ళు పోసే ఆవిడకు చెప్పి వచ్చాడు. ఒక పక్క ఆయన, ఇంకో పక్క నేను. అక్క మా భుజాల మీద చేతులు వేసి లేచింది. పాదాలు నేలకు ఆనాయి గానీ నిలవలేదు. మళ్ళీ కూర్చోబెట్టి మళ్ళీ లేపాం. మోకాళ్ళు అటూ ఇటూ వాలిపోయాయి. మూడోసారి బావ లేపబోతే అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"మర్చిపోయాయండీ" అంది, తన కాళ్ళ వంక చూసుకుంటూ.

ఎత్తుకుంటానన్నాడు బావ. కారుదాకా ఎత్తుకుంటాను, అక్కడ ట్రాలీ పట్టుకుంటే మళ్ళీ గుర్తొస్తుందన్నాడు. ఒకసారి మోశారు, చాలు అంది అక్క. కోపంగా అనలేదు. మీరు వెళ్ళండి, అక్కడ చోటు ఎవరైనా పెట్టేసుకుంటారు అని ఆయన్నే పంపించింది.

ఆ రాత్రి బావ షాపులో ఉన్న సబ్బులన్నీ రకానికొకటి చొప్పున ఒక ట్రేలో సర్దుకుని తెచ్చాడు. వద్దన్నవి తిరిగి ఇచ్చేయొచ్చని మేనేజరు ఒప్పుకున్నాడట. పక్క మీద వరసగా పేర్చాడు. ఒకదాని అట్టపెట్టె మూత తనే కొంచెం ఎత్తి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. అక్క మొహం తిప్పుకోలేదు, వాసనా చూడలేదు. చేతికి దగ్గరగా ఉన్నది ఒకటి తీసి దిండు పక్కన పెట్టుకుంది.

"ఇది ఉంచండి. ఏదైనా ఒకటేలే" అంది.

బావ మిగతావన్నీ ట్రేలోకి ఎత్తాడు. ఒకటి కింద పడితే వంగి తీసి, చొక్కాతో తుడిచాడు.

ఇప్పుడు ఆదివారాలు నేనొక్కణ్ణే వెళ్తాను సరుకులకి. కారు అవతల కంకర మీద పెడతాను. ఆ చోటు ఎప్పుడు చూసినా శుభ్రంగా, చారలతో సహా ఖాళీగా ఉంటుంది, మధ్యలో కుర్చీ వేసుకుని బావ ఉంటాడు. ఆ కృత్రిమ కాలు అమ్మాయి వస్తుంది, ఇంకా ఒకరిద్దరు ముసలివాళ్ళు వస్తారు, వాళ్ళకు లేచి దారిస్తాడు. నా కారు గేటు తిరగడం చూసినప్పుడు కూడా లేస్తాడు, అలవాటు కొద్దీ. గబగబా కుర్చీ పక్కకు లాగి, తలుపు తీయడానికి రెండడుగులు ముందుకు వేస్తాడు. నా పక్క సీటులో ఎవరూ లేరని అప్పుడు కనబడుతుంది. మళ్ళీ కుర్చీ తెచ్చుకుని ఆ బొమ్మ మీదే వేసుకుని కూర్చుంటాడు.